నొప్పి గుర్తుచేయనిచోట పట్టిక గుర్తుచేయాలి



పుత్తూరు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కట్టు. చెయ్యి విరిగినా, కాలు బెణికినా ఎక్కడెక్కడి నుంచో జనం మా ఊరికి వస్తారు. ఆ వైద్యం మంచిచెడ్డలు డాక్టర్లు చెప్పవలసినవి, నేను చెప్పను. నేను గమనించిన సంగతి ఒక్కటే. విరిగిన చేతికి కట్టు కట్టించుకున్న మనిషి మళ్లీ చూపించుకోవలసిన రోజును మరచిపోడు. మరచిపోదామన్నా నొప్పి మరవనివ్వదు.

బీపీ అలా కాదు. చాలామందిలో అది ఏ బాధా చూపించదు. షుగరు కూడా మొదట్లో చాలామందికి అంతే. క్షయకు మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి. కానీ మామూలు క్షయకైనా మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రకంగానూ మారవచ్చు.

"నాకేం నొప్పి లేదు గదమ్మా, ఇంగ ఎందుకు వచ్చేది?" అని అడిగే పెద్దమ్మ మొండిగా మాట్లాడడం లేదు. ఆమె ఒళ్లు ఆమెకు చెప్పిన మాటే మనకు చెబుతోంది. మా ప్రాంతంలో మగ్గాల మీద, పొలాల్లో పనిచేసే కుటుంబాలకు ఆసుపత్రికి వచ్చిన రోజు అంటే కూలి పోయిన రోజు. నొప్పి లేనప్పుడు ఆ కూలి ఎందుకు వదులుకోవాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పవలసిన బాధ్యత మనది. అయితే జవాబు చెప్పాలంటే, ముందు ఆమె రాలేదన్న సంగతి మనకు తెలియాలి కదా!

నేను చాలా ఏళ్లు ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేశాను. చిన్న ఆసుపత్రుల నుంచి, దవాఖానాల నుంచి తెలిసినవాళ్లు "కంప్యూటర్ కొన్నాం, ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. చాలామంది ఉత్తరాలు టైపు చేయడంతో మొదలుపెడతారు. నా అభిప్రాయం వేరు. మళ్లీ రావలసినవారి పట్టికతో మొదలుపెట్టండి. ఉత్తరం దాని వెనుక దానంతట అదే వస్తుంది.

రిజిస్టరు చెప్పని సంగతి

ప్రతి ఆసుపత్రిలో ఓపీ రిజిస్టరు ఉంటుంది. వచ్చినవారి పేర్లు వచ్చిన వరుసలో అందులో రాస్తాం. అది మంచి పుస్తకం, దాన్ని మానేయమని నేను చెప్పను. కానీ అందులో ఒక లోపం ఉంది. వచ్చిన మనిషికి ఒక వరుస ఉంటుంది. రాని మనిషికి ఏమీ ఉండదు. గత నెల వచ్చిన 80 మంది బీపీ రోగుల్లో ఈ నెల 60 మందే వచ్చారనుకోండి. మిగిలిన 20 మంది ఎవరో తెలుసుకోవాలంటే రెండు నెలల పేజీలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పేరు వెతకాలి. ఓపీ రద్దీలో ఆ పని ఎవరికి కుదురుతుంది? అందుకే ఎవరూ చేయరు. ఆ 20 మందిలో ఒకరు పక్షవాతంతో ఆటోలో వచ్చినప్పుడు మాత్రం "అయ్యో, ఈయన మన దగ్గర మందులు వాడేవాడే" అనుకుంటాం.

ఈ సంగతి మన పెద్దలకు కంప్యూటర్ రాకముందే తెలుసు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి నడిపిన క్షయ శానిటోరియం ఉండేది. 1950 నుంచి 1955 వరకు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ బృందం పెద్ద క్షయ అధ్యయనం చేసింది. దాని ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే లెక్కపెట్టి ఊరుకోలేదు. ఊళ్లకు వెళ్లి జనాన్ని పరీక్షించారు, మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. ఊరి జాబితా ముందుగా చేతిలో ఉంటేనే ఎవరు పరీక్షకు వచ్చారో, ఎవరు రాలేదో తెలుస్తుంది. మన ఆసుపత్రి బల్ల మీద ఉన్న కంప్యూటర్‌తో చేయవలసింది కూడా చిన్న ఎత్తులో ఆ పనే.

ఒకే సంచిలో రెండు పనిముట్లు

ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రామును వర్డ్ ప్రాసెసర్ అంటారు. గడులు గీసిన పట్టికలో లెక్కలు చేసే ప్రోగ్రామును స్ప్రెడ్‌షీట్ అంటారు. ఈ రెండూ కలిసి ఒకే ప్యాకేజీగా వస్తాయి. ఒకప్పుడు చౌక కంప్యూటర్లతో పాటు మైక్రోసాఫ్ట్ వర్క్స్ అలా వచ్చేది. దాన్ని ఆపేస్తున్నట్టు 2009లో ఆ సంస్థ ప్రకటించింది. ఇప్పుడు ఎక్కువమంది వాడేది మైక్రోసాఫ్ట్ ఆఫీస్. డబ్బు పెట్టలేని చోట లిబ్రేఆఫీస్ ఉంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిగా మొదలైన ఈ ప్యాకేజీ ఉచితం. ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా దొంగ కాపీ అన్న బాధ లేదు. మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. వర్క్స్‌లో దాచిన పాత ఫైళ్లు చాలావరకు ఇందులో తెరుచుకుంటాయి.

స్ప్రెడ్‌షీట్ పుట్టిన కథ తెలుసుకుంటే దాని భయం పోతుంది. 1978లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి హార్వర్డ్‌లో పాఠం వింటున్నాడు. నల్లబల్ల మీద గీసిన పట్టికలో ఒక్క అంకె మారితే, దాని మీద ఆధారపడిన అంకెలన్నీ అయ్యవారు చెరిపి మళ్లీ రాయవలసి వచ్చేది. ఒకటి మారిస్తే మిగిలినవి వాటంతట అవే మారే నల్లబల్ల ఉంటే బాగుండునని ఆ విద్యార్థి అనుకున్నాడు. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి తయారుచేసిన విజికాల్క్ 1979లో అమ్మకానికి వచ్చింది. ఈనాటి ఎక్సెల్, కాల్క్ దాని బిడ్డలే. కాబట్టి ఇది మహా విద్యేమీ కాదు. చెరిపి రాసే శ్రమ లేని నల్లబల్ల, అంతే.

మొదటి వారం ఏం చేయాలి?

బీపీ రోగులతోనే మొదలుపెట్టండి. అన్ని జబ్బులూ ఒకేసారి ఎక్కించాలనుకుంటే పని సగంలో ఆగిపోతుంది.

పట్టిక మొదటి వరుసలో ఏడు శీర్షికలు చాలు. ఆసుపత్రి నంబరు, పేరు, వయసు, ఊరు, ఫోను, చివరిగా వచ్చిన తేదీ, మళ్లీ రావలసిన తేదీ. ఒక మనిషికి ఒకే వరుస. ఒక గడిలో ఒకే సంగతి. పేరు గడిలోనే ఊరు, ఊరి గడిలోనే ఫోను కలిపి రాయవద్దు.

ఇలా రాస్తే చివరిగా వచ్చిన తేదీ ఎఫ్ వరుసలో, మళ్లీ రావలసిన తేదీ జి వరుసలో పడతాయి. మొదటి రోగి రెండో వరుసలో ఉంటాడు కాబట్టి, జి2 గడిలో సమానం గుర్తు పెట్టి ఎఫ్2+30 అని కొట్టండి. ఎఫ్ అక్షరం ఇంగ్లీషుదే ఉండాలి. 30 రోజుల మందు ఇచ్చినవారికి మళ్లీ రావలసిన తేదీ వెంటనే కనబడుతుంది. కంప్యూటర్ లోపల తేదీ అంటే రోజుల లెక్కే, అందుకే దానికి 30 కలపవచ్చు. ఆ గడిని కాపీ చేసి కింది గడులన్నిటికీ అంటిస్తే ఎవరి తేదీ వారికి వస్తుంది. రోగి వచ్చిన ప్రతిసారీ ఎఫ్ వరుసలో కొత్త తేదీ వేస్తే జి వరుస తానే ముందుకు జరుగుతుంది. పాత రాకపోకల వివరాలు కేస్ షీటులోను, ఓపీ రిజిస్టరులోను ఎలాగూ ఉంటాయి.

ఇక సోమవారం పొద్దున పట్టికను జి వరుస ప్రకారం సర్దండి. గడువు దాటినవారంతా పైకి వస్తారు. రిజిస్టరులో కనబడని 20 మంది ఇప్పుడు మీ కళ్ల ముందు, ఊరు, ఫోను నంబరుతో సహా ఉంటారు.

ఇప్పుడు ఉత్తరం సంగతి. ఫోను ఎత్తనివారికి ఉత్తరం రాయాలి. 20 ఉత్తరాలు 20 సార్లు టైపు చేయనక్కరలేదు. ఒక్క ఉత్తరం రాసి, పేరు, ఊరు, తేదీ ఉండవలసిన చోట పట్టికలోని ఆ శీర్షికలను తగిలిస్తే ప్రతి మనిషికీ విడి ఉత్తరం తయారవుతుంది. దీన్ని మెయిల్ మెర్జ్ అంటారు. రెండు ప్రోగ్రాములు కలిసి పనిచేయడం వల్ల మనకు దక్కే అసలు లాభం ఇదే. ఉత్తరం నాలుగు మాటల్లో ఉంటే చాలు. "మీరు ఫలానా తేదీన రావలసి ఉండింది. వీలు చూసుకుని రండి. పాత చీటీ తెచ్చుకోండి. రావడానికి ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు ఫోను చేయండి." మందలింపు వద్దు. మందలించిన ఉత్తరం అందుకున్న మనిషి ఆసుపత్రి వైపు చూడడానికే మొహమాటపడతాడు.

నేను చేసిన తప్పు

ఇంత చెప్పాక నా తప్పు కూడా చెప్పడం ధర్మం. కొత్తలో ఒకసారి షుగరు పరీక్షల పట్టికను అకారాది క్రమంలో పెడదామని పేర్ల వరుస ఒక్కటే ఎంచుకుని సర్దాను. కంప్యూటర్ ఏదో అడిగింది, చదవకుండా సరే అన్నాను. పేర్లు సర్దుకున్నాయి. షుగరు అంకెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి అంకె చేరింది. పట్టిక మాత్రం చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. ఆ అంకెలతో చీటీలు కూడా రాయడం మొదలుపెట్టాం. ఒక సిస్టరు గారు "ఈ అమ్మకు ఇంత తక్కువ ఎలా వస్తుంది? నిన్న ల్యాబులో నేనే చూశాను" అని ఆపకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ల్యాబు పుస్తకం తెచ్చి అన్నీ మళ్లీ సరిచూశాం. కాగితం పుస్తకాన్ని మానేయవద్దని నేను అనేది అందుకే. సర్దేటప్పుడు పట్టిక మొత్తాన్ని ఎంచుకోవాలి. సర్దడానికి ముందు ఒక కాపీ దాచుకోవాలి. సర్దిన తర్వాత ముగ్గురి వివరాలైనా కాగితంతో పోల్చి చూడాలి.

పెద్ద దేశాలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ కోవిడ్ ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించింది. ఆ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగులు లెక్కలోకి రాలేదు, వారితో మెలిగినవారిని వెతికే పని ఆలస్యమైంది. మన పట్టిక అంత పెద్దది కాదు, నిజమే. కానీ పాఠం ఒకటే. వరుస జారిపోయిందంటే ఒక మనిషి జారిపోయినట్టు.

చిన్న చిన్న ఉచ్చులు మరికొన్ని ఉన్నాయి. ఆసుపత్రి నంబరు 0087 అని కొడితే 87 అవుతుంది. 14 అంకెల ఆభా నంబరు కొడితే మధ్యలో ఇంగ్లీషు అక్షరంతో ఏదో కురచ అంకె కనబడుతుంది. నంబర్ల వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే ఈ రెండు బాధలూ ఉండవు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 5/6 అని కొట్టిన జూన్ 5వ తేదీని మే 6గా తీసుకుంటుంది. సెట్టింగులలో దేశం ఇండియా అని ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన ఉచ్చు ఇంకొకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, పక్కనే ఉన్న నగరి చిత్తూరు జిల్లాలోనే మిగిలింది. పట్టికలో "చిత్తూరు" అన్నచోటల్లా "తిరుపతి" అని ఒక్క దెబ్బతో మార్చేస్తే నగరి వారి చిరునామాలు తప్పిపోతాయి, చిత్తూరు రోడ్డు కాస్తా తిరుపతి రోడ్డు అయి కూర్చుంటుంది. ఊరి పేరును ఒకరు పుత్తూరు అని, ఇంకొకరు పుత్తూర్ అని రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. పదం ఎలా రాయాలో ముందే నిర్ణయించుకుని గోడకు అంటించండి. ఒకే పట్టికలో మునెమ్మలు ఐదుగురు, మునిరత్నాలు నలుగురు ఉండే ప్రాంతం మాది. అందుకే మనిషికి గుర్తు పేరు కాదు, ఆసుపత్రి నంబరు.

తెలుగులో రాసుకోవచ్చా?

తప్పక రాసుకోవచ్చు. రోగికి వెళ్లే ఉత్తరమైతే వారు చదవగలిగే భాషలోనే ఉండాలి. తమిళనాడు సరిహద్దు మనకు దగ్గరే కాబట్టి కొందరికి తమిళంలో కూడా ఒక నమూనా ఉంచుకోండి. తెలుగు టైపుకు ఒక్క జాగ్రత్త. ప్రెస్సుల్లో వాడే పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు మన కంటికి తెలుగే గాని, కంప్యూటర్‌కు అవి వేరే అక్షరాలు. అలా కొట్టిన పేర్లు అకారాదిగా సర్దుకోవు, ఇంకో కంప్యూటర్‌లో గజిబిజిగా కనబడతాయి. యూనికోడ్‌లోనే కొట్టండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే వేగం వస్తుంది. అంత ఓపిక లేనివారికి ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణతో తెలుగు కొట్టే కీబోర్డు 2019 నుంచి విండోస్ 10లోనే ఉంది.

మూడు అభ్యంతరాలు

"ప్రభుత్వం నిక్షయ్ పోర్టల్ పెట్టింది, ఆభా పెట్టింది, మనకు మళ్లీ వేరే పట్టిక ఎందుకు?" అంటారు కొందరు. క్షయ రోగుల వివరాలు నిక్షయ్‌లో ఎక్కించవలసిందే, అది మన విధి. కానీ రేపు పొద్దున మన ఓపీకి రావలసిన బీపీ రోగుల్లో ఎవరు రాలేదో చూసుకోవలసింది మనమే.

"ఆపరేటర్‌ను పెట్టుకుంటాం, అతనే చూసుకుంటాడు" అంటారు ఇంకొందరు. ఆపరేటర్‌కు అంకె తెలుస్తుంది గాని మనిషి తెలియదు. నా తప్పును పట్టుకున్నది కంప్యూటర్ చదువు కాదు, ఆ అమ్మను ఎరిగిన సిస్టరు గారు. కాబట్టి పట్టిక నేర్పవలసింది ముందుగా నర్సులకు, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు. రోజుకు అరగంట చొప్పున నేర్పితే కొద్ది వారాల్లోనే చేయి తిరుగుతుంది.

"కరెంటు పోతే, కంప్యూటర్ చెడితే?" అన్నది మూడోది. ఈ భయం సరైనదే. వారానికి ఒకసారి పట్టికను ప్రింటు తీసి ఫైలులో పెట్టండి. ఇంకో కాపీ పెన్‌డ్రైవులో, వేరే గదిలో తాళం వేసి ఉంచండి.

పట్టిక ఎవరి సొత్తు?

చివరిగా ఒక గట్టి మాట. పట్టిక మన కంప్యూటర్‌లో ఉన్నా, అందులోని సంగతులు రోగివి. రిజిస్టరును ఎవరైనా ఎత్తుకుపోవాలంటే సంకలో పెట్టుకుని గేటు దాటాలి. ఫైలు అయితే ఒక్క నొక్కుతో వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. మా పల్లెల్లో క్షయ అని తెలిస్తే పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు, హెచ్ఐవీ అని తెలిస్తే ఇల్లే తప్పిపోవచ్చు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ గోప్యతను కాపాడమంటోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమాచారం దాచినవారి మీద బాధ్యత పెడుతోంది. చట్టం లేకపోయినా ఇది మన మర్యాద. ఫైలుకు పాస్‌వర్డు పెట్టండి. జబ్బుల పట్టికను వాట్సాప్ గ్రూపుల్లో వేయవద్దు. పోస్టుకార్డు మీద జబ్బు పేరు ఎప్పుడూ రాయవద్దు. పోస్టుమాను నుంచి పక్కింటివారి దాకా చదివేది అదే.

ప్రియ పాఠకులారా, ఖరీదైన సాఫ్ట్‌వేరు వచ్చేదాకా ఆగవలసిన పనిలేదు. ఈ వారమే మీ బీపీ రిజిస్టరు తెరిచి మొదటి 50 పేర్లు పట్టికలోకి ఎక్కించండి. వచ్చే నెల ఒక సోమవారం దాన్ని సర్ది చూడండి. పైన కనబడే మొదటి పేరుకు ఫోను చేయండి. "మీరు రాలేదని చూశామమ్మా, బాగున్నారా?" అని అడగండి. ఆ పలకరింపు కోసమే ఈ గడులు, ఈ సూత్రాలు అన్నీ.